రెండో చుక్క

పక్కవాడి పొయ్యి ఆరిపోతే మన పొయ్యిలో కట్టెలు బయటికి లాగెయ్యాలి. ఆర్మూర్ నుంచి బాల్కొండ పోయే రోడ్డు పక్కన, గంగాదాస్ చేనులో మూడు తరాలుగా నడుస్తున్న కట్టు ఇది. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఈ చేనుకీ, పక్కనున్న గంగాకిషన్ చేనుకీ పెద్ద పంతం. ఎవరు ముందు పసుపు కొమ్ములు ఆరబోస్తారన్న దాని మీద గట్టుకు అటూ ఇటూ మాటలు విసురుకుంటారు. అయినా అటు మంట చల్లారితే ఇటు కడాయి కూడా చల్లారవలసిందే. ఆగినవాడి మీద గెలుపు దొంగసొమ్ముతో సమానమని గంగాదాస్ తల్లి చిన్నవ్వ తీర్పు. ఇలాంటి తీర్పుల పుణ్యమా అని ఆ ఇల్లు ఇంకా రేకుల కిందే ఉంది.

గంగాదాస్ కూతురు యమున ఈ కట్టును తీసుకెళ్లి కంప్యూటర్‌లో పెట్టింది. ఇరుగుపొరుగు దేశాల విద్యార్థులు ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని ఆడే ప్రోగ్రామింగ్ పోటీలవి. నెలకో ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలపాటు. ఇచ్చిన లెక్కలకు ఎవరు ఎక్కువ ప్రోగ్రాములు, ఎంత తొందరగా రాసి పంపితే వాళ్ల పేరు బోర్డు మీద అంత పైన. రెండేళ్లుగా యమున పేరుకు పైనో కిందో బినీతా పేరు ఉంటోంది. నేపాల్ కొండల్లో చదువుకునే పిల్ల. ఒకరి గొంతు ఒకరు ఎన్నడూ వినలేదు. వచ్చీరాని హిందీలో రాసుకునేవాళ్లు, ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్లు.

కరెంటు రెండు దేశాల్లోనూ ఒకే రకం. పోయినప్పుడు ఫోన్‌లోంచి చాట్‌లో ఒక చుక్క పెట్టాలి. అది చూడగానే అవతలి మనిషి కీబోర్డు మీంచి చేతులు తీసెయ్యాలి. కరెంటు వచ్చాక రెండో చుక్క, ఆ తర్వాత మళ్లీ యుద్ధం. ఇంకో అలవాటు కూడా ఉంది. ప్రోగ్రామ్ చివర, కంప్యూటర్ పట్టించుకోని ఒక వరస రాసేవాళ్లు. పోటీ అయ్యాక అందరి ప్రోగ్రాములూ తెరుచుకుంటాయి కదా, అప్పుడు చదువుకోవడానికి. ఏం తిన్నావని ఒకరు అడిగితే, నాయనమ్మ పొయ్యి వెలుగుతోందా అని ఇంకొకరు. ఆ పొయ్యి సంగతి యమున బినీతాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మాఘమాసంలో వచ్చిన పోటీ మాత్రం ఆషామాషీది కాదు. మొదటి స్థానంలో నిలిచిన ఒక్కరే కొలంబోలో ఫైనల్స్‌కు వెళ్తారు. ఈ ఏడాదితో యమున డిగ్రీ అయిపోతుంది, మళ్లీ ఆడనివ్వరు. వాళ్లింట్లో పాస్‌పోర్టు మీద గల్ఫ్ ముద్రలు తప్ప వేరేవి పడలేదు. వేరే ముద్ర తనతోనే పడాలని ఆమె ఆశ. ఆ ఆశతో వారం రోజులు అన్నం కూడా సరిగా తినలేదు.

పోటీ ముగియడానికి తొమ్మిది నిమిషాలు మిగిలాయి. ఇద్దరివీ అయిదేసి లెక్కలు అయ్యాయి. బినీతా తొందరగా పంపింది కాబట్టి ఆమే పైన. యమున దగ్గర ఆరోది సిద్ధంగా ఉంది. పంపితే కొలంబో. వేలు మీట మీదికి వెళ్తుండగా చాట్‌లో చుక్క పడింది.

యమున చేతులు ఒళ్లో పెట్టుకుంది. వెనక నిలబడ్డ గంగాదాస్‌కు సంగతి అర్థమైంది. కూతురి మీది ప్రేమ కట్టుబాట్లను ఎక్కడ లెక్కచేస్తుంది?

“పంపు బిడ్డా,” అన్నాడు మెల్లగా. “గాడ ఎవలు సూస్తరు?”

యమున కదలలేదు. గదిలో ఏదో వాసన రావడం మొదలైంది. ఉడికిన పసుపు వాసన కాదు. ఎండిన వాగులున్న ఆ ఊళ్లో, మాఘంలో, నిండుగా పారే నది వాసన. ఆమె కాళ్లు చల్లబడ్డాయి. కిటికీలోంచి చూస్తే కళ్లంలో చిన్నవ్వ మండే కట్టెలు ఒక్కొక్కటే బయటికి లాగుతోంది. గట్టుకు అవతల గంగాకిషన్ పొయ్యి భగభగా మండుతూనే ఉంది.

“ఎందుకు తీస్తున్నవే అవ్వా?” అని గంగాదాస్ కేకేశాడు.

“ఎవలిదో పొయ్యి ఆరింది కొడుకా,” అంది ముసలిది. “జర ఆగున్రి.”

రెండో చుక్క రాలేదు. గడియారం సున్నాకు చేరింది. యమున ఓడిపోయింది, మంచం మీద పడి తనివితీరా ఏడ్చింది.

మంగళవారం పోటీ నిర్వాహకుల నుంచి మెయిల్ వచ్చింది. బినీతా ఎక్కిన బస్సు పోటీకి రెండు రోజుల ముందు, శుక్రవారమే నదిలో పడిందని ఆమె అక్క రాసిందట. శనివారం దహనం అయిపోయింది. లాప్‌టాప్ నీళ్లలోంచి పైకి రానేలేదు. కాబట్టి ఆమె పేరుతో ఎవరో ఆడారని అనుమానం. రెండేళ్లు ఎదురెదురుగా ఆడిన మనిషిగా, అది బినీతా ఆట కాదని యమున రాసిస్తే చాలు, కొలంబో చోటు యమునదే.

యమున బినీతా పేరు మీదున్న ఆ అయిదు ప్రోగ్రాములూ తెరిచింది. మొదటి నాలుగింటిలో చివరి వరస ఖాళీ. అయిదోదాని చివర హిందీలో ఉంది: నీళ్లు చాలా చల్లగా ఉన్నాయి. నాయనమ్మ పొయ్యి వెలుగుతోందా?

ఎవరో ఆడారని రాసేస్తే అడిగేవాళ్లు లేరు, లోకమంతా నమ్మేస్తుంది కూడా. గంగాదాస్ గుమ్మంలో నిలబడి, ఏం రాస్తున్నావని అడిగాడు.

“ఆమెనే ఆడింది నాయినా,” అంది యమున. “నేను ఓడిన.”

అదే రాసి పంపింది. ఫైనల్స్‌కు ఎవరు వెళ్తారో, ఖాళీగానే ఉంచుతారో నిర్వాహకుల ఇష్టం. ఆమె కిటికీ వైపు తిరిగింది. కళ్లంలో చిన్నవ్వ పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తోంది.

చాట్‌లో రెండో చుక్క పడింది.

యమున చేతులు కీబోర్డు మీద పెట్టింది. మీటలన్నీ తడిగా, మంచులా ఉన్నాయి. అయినా చేతులు తీయలేదు.

వెలుగుతోంది అని రాసింది. వచ్చి కాసేపు చలి కాచుకో.