పలుచని గొంతుకు పూత

బావ ఫోన్లో ఏడుస్తున్నాడు. బట్టల కొట్లో గుడ్డలు కొలుచుకుంటూ బతికే నెమ్మదస్తుడు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి, వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"ఆపరేషనూ వద్దు గీపరేషనూ వద్దని మొండికేసిందిరా మీ అక్క. సాయంత్రంలోగా ఆసుపత్రిలో చేరాలి. నా మాట చెవినెయ్యట్లేదు."

"అదేంటి బావా? నిన్నటిదాకా సరేనందిగా?"

"ఆ పాట పంపించారుగా, పొద్దుట్నుంచీ అదే వింటోంది. నా గొంతు బాగైపోయింది, కోయించుకోవడం దేనికంటోంది."

తమ్ముడికి గుండె గుభేలుమంది. ఆ పాట మిక్సింగ్ చేసింది వాడే మరి.

అక్క గాయని. జనం గుర్తుపట్టి వెంటపడేంత పేరు లేదు గానీ, స్టూడియోల్లో పనిచేసేవాళ్ళందరికీ ఆ గొంతు తెలుసు. కొన్ని నెలలుగా అది పలచబడుతూ వచ్చింది. జలుబంది, అలసటంది, వేడినీళ్ళు తాగింది, చివరికి డాక్టరు లోపలికి గొట్టం పంపి చూశాడు. స్వరపేటిక మీద గడ్డ ఉంది, మంచిది కాదు అన్నాడు. వెంటనే తీయిస్తే మనిషి దక్కుతుంది, గొంతు ఏమాత్రం మిగులుతుందో చెప్పలేను, నాన్చితే మాత్రం మనిషే దక్కదు అని కుండబద్దలు కొట్టాడు. అక్క ఒక పూటంతా ఏడ్చి, సరే, ఒప్పుకున్న ఆ ఒక్క పాటా పాడేసి వస్తానంది.

పాడింది. సంగీత దర్శకుడు విని మొహం చిట్లించాడు. "మీ అక్క గొంతు నిలబడట్లేదయ్యా. నువ్వేమైనా చేయగలిగితే చెయ్యి, లేదంటే వేరే అమ్మాయితో పాడించేస్తా" అన్నాడు. తమ్ముడికి పౌరుషం పొడుచుకొచ్చింది. అక్క చివరి పాట ఇంకెవరో పాడడమా? ప్రాణం పోయినా జరగనివ్వను అనుకున్నాడు. ప్రేమ ఇలాంటి వెధవ పనులే చేయిస్తుంది, ఏం చేస్తాం!

చేసిన పని వినడానికి చిన్నదే. అక్క పాడిన ట్రాక్‌కి నకలు తీశాడు. ఆ నకలును డిస్టార్షన్ పెట్టి చెడామడా పగలగొట్టాడు. పాత రేడియోలో సౌండ్ పెంచితే గరగరలాడుతుందే, అలా. అందులోంచి అడుగున గుమ్మనే మోతా పైన కీచుదనమూ కత్తిరించి, మిగిలిన ముతకదనాన్ని అసలు గొంతు కింద పరిచాడు. వినేవాడికి తెలియనంత సన్నగా, కూరలో ఉప్పంత. 'స' వచ్చిన చోటల్లా ఇసుక నలిగినట్టు చప్పుడొస్తే అక్కడికక్కడ అణిచాడు. వేస్తే తెలియకూడదు, తీస్తే మాత్రం వెలితిగా ఉండాలి. ఈ పనికి అదే కొలత. వాడు ఆ కొలత తప్పలేదు. పలుచబడ్డ గొంతుకు ఒళ్ళొచ్చింది, వెచ్చదనమొచ్చింది. దర్శకుడు ఎగిరి గంతేసి, ఆ ఆనందంలో పాటను నేరుగా అక్కకే పంపేశాడు.

"ముందు అక్కని స్టూడియోకి తీసుకురా బావా. పెద్ద స్పీకర్లలో వినిపిస్తానని చెప్పు" అన్నాడు ఫోన్లో. అంతకంటే ఏం చేయాలో వాడికి తోచలేదు.

అక్క నవ్వు మొహంతో వచ్చింది. ఎన్నాళ్ళకో పూసిన ఆ నవ్వు చూడలేక వాడు స్పీకర్ల వైపు తిరిగాడు. బావ ఆసుపత్రి సంచి చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"ఏరా చిన్నోడా, డాక్టరు చెవులు ఎవరికైనా అరువిచ్చాడేమో గానీ, నా గొంతుకేమైందట?" అంది బొంగురుగా. ఆ బొంగురు ఆమెకు వినిపించడంలేదు. చెవుల్లో పాటే ఉంది మరి.

"అక్కా, అది నీ గొంతు కాదే. నేను చేసింది" అని, కింద పరిచిన ట్రాక్ ఆపేసి పాట పెట్టాడు.

స్పీకర్లలోంచి ఆమె అసలు గొంతు వచ్చింది. అరిగిపోయి, మధ్యమధ్య గాలి తోలుతూ. ఆమె నవ్వు ఆగిపోయింది. కాసేపు వింది. తర్వాత కళ్ళెర్రజేసింది.

"ఇప్పుడు చెడగొట్టావు కదూ? నన్ను భయపెట్టి అక్కడికి తోలడానికి మీ బావా నువ్వూ కలిసి ఆడుతున్న నాటకం ఇది. నాకు తెలీదనుకున్నావా? ఈ పెట్టెల్లో నువ్వు ఏది కావాలంటే అది చేస్తావు!"

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? నిన్న బాగుచేసినవాడు ఇవాళ చెడగొట్టి ఉండొచ్చు. ఏ మీట నొక్కి చూపించినా ఆమె నమ్మదు. "ఒట్టే అక్కా, ఒట్టు" అంటూ చిన్నపిల్లాడిలా ఆమె చేతులు పట్టుకున్నాడు. ఆమె విదిలించింది. వాడు లేచి కంప్యూటరూ స్పీకర్లూ అన్నీ కట్టేశాడు. గది నిశ్శబ్దమైపోయింది.

"మైకు లేదు, మిషన్ లేదు. నువ్వే పాడవే. బాగుంటే నేనే నిన్ను ఇంటికి తీసుకుపోతా" అన్నాడు.

"ఆ, పాడతా" అని కొంగు బిగించింది.

పల్లవిలో మొదటి మాట పలికింది. రెండోది జారింది. పైకి ఎక్కాల్సిన చోట నోరు తెరిచే ఉంది, మెడ నరాలు పొంగాయి, బుస్సుమని గాలి ఒక్కటే వచ్చింది. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అదే. మూడోసారి వద్దని బావ ముందుకొస్తే కసిరి, పాడబోయి, మొహం రెండు చేతుల్లో దాచుకుంది. వాడు కాళ్ళ దగ్గర కూలబడి, "తప్పయిపోయిందే అక్కా, ఇంకెప్పుడూ నీతో అబద్ధమాడను, నా తోడబుట్టినదానివి నువ్వొక్కదానివే" అని ఏడ్చాడు. ఆమె వాడి తల నిమురుతూ చాలాసేపు కూర్చుంది.

"ఒరేయ్" అంది చివరికి, గుసగుసగా. "కోసేశాక అసలు గొంతే రాకపోతే? అప్పుడు కూడా నువ్వు ఇలాగే చేసిపెడతావు కదూ? నేను మళ్ళీ పాడొచ్చు కదూ?"

పలుచని గొంతును చిక్కన చేయొచ్చు. లేని గొంతుకు పూత వేసే మిషన్ ఇంకా ఎవడూ కనిపెట్టలేదు. ఆ సంగతి వాడికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. గుమ్మంలో బావ గోడ గడియారం వైపు చూస్తున్నాడు.

"చేస్తానక్కా" అన్నాడు వాడు, ఆమె కళ్ళలోకి సూటిగా చూస్తూ. "అదెంత పని నాకు!"

ఆమె కళ్ళు తుడుచుకుని, లేచి, చెప్పులేసుకుంది.