నిండు గ్లాసు

అమ్మ పోయాక నాన్నకు టీ నేనే పెడుతున్నాను. ఆయనకు పాలు ఎక్కువ, పొడి తక్కువ, తీపి కాస్త ముందుకు ఉండాలి. అచ్చం అలాగే పెట్టి ఇచ్చినా గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చుంటారు. టీ చల్లారిపోతుంది.

"బాగోలేదా నాన్నా?"

"బంగారంలా ఉందమ్మా."

"తాగకుండానే తెలిసిపోయిందా?"

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. "మీ అమ్మ ఇచ్చే గ్లాసు ఎప్పుడూ ఓ గుక్క తక్కువే ఉండేది. తీపి సరిపోయిందో లేదో తను తాగి చూశాకే ఇచ్చేది. ఎంగిలి చేసి ఇస్తావేంటే అని రోజూ వేళాకోళం చేసేవాణ్ణి."

నేను గ్లాసు అందుకుని రుచి చూడబోయాను.

నాన్న గబుక్కున వెనక్కి తీసుకున్నారు.

"వద్దు తల్లీ. అది మీ అమ్మ గుక్క."