వనజ తప్పు లేకుండా చదివింది

పరీక్ష ఫీజు గడువులోగా చేయాల్సిన పనులు ఇవి: హెడ్‌మాస్టరు గారి చేత ఉత్తరం రాయించాలి. ఆధార్‌లో వనజ పుట్టిన తేదీ సరిచేయించాలి. వాళ్ల నాన్న బాలకోటయ్యను ఒక రోజు క్వారీ పని మానిపించాలి. పిల్లను పెద్దాసుపత్రిలో మెడికల్ బోర్డుకు చూపించాలి. డిస్లెక్సియా ఉందని సర్టిఫికెట్ తెచ్చి బడిలో ఇవ్వాలి. అది ఉంటేనే పదో తరగతి పరీక్షలో ప్రశ్న చదివి వినిపించి, వనజ చెప్పిన జవాబు రాసిపెట్టే మనిషిని ఇస్తారు. లేకపోతే ఆమె ఫెయిలవుతుంది.

గురజాల వైపు మా మండలంలో ఇలాంటి పిల్లల కోసం వేసిన టీచర్ని నేను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. పనులన్నీ వరసగా చేసుకుంటూ వచ్చాను.

వనజ ఏదైనా ఒకసారి వింటే మర్చిపోదు. పాఠం అడిగితే గడగడా చెబుతుంది. అదే పాఠం కాగితం మీద పెడితే ఒక్కో అక్షరం దగ్గరా ఆగిపోతుంది. తెలుగులో రాసింది రాసినట్టే పలుకుతాం కాబట్టి ఇలాంటి పిల్లలు తప్పులు చదవడం కంటే బాగా నెమ్మదిగా చదవడమే ఎక్కువ. అందుకే బడిలో ఇన్నేళ్లూ బద్ధకం అనుకున్నారు. ఇంగ్లీషు మీడియం వచ్చాక ఆ మాత్రం చదువూ సాగలేదు.

బోర్డు తేదీ వచ్చాక వాళ్లింటికి వెళ్లి చెప్పాను.

"ఏంది టీచరమ్మా, మెదడులో జబ్బా?" అన్నాడు బాలకోటయ్య.

"జబ్బు కాదు బాబాయ్. మాటలు పుట్టుకతో వచ్చే తెలివితోనే వస్తాయి. చదువు అట్లా కాదు. కంటికి కనపడే అక్షరాన్నీ చెవికి తెలిసిన శబ్దాన్నీ కలుపుతూ మెదడులో ఒక కాలవ తవ్వుకోవాలి. మనందరం చిన్నప్పుడు తవ్వుకున్నదే. వనజకి అక్కడ నేల గట్టిది."

"నాపరాయా?"

"అట్లాంటిదే అనుకో."

"రాయైతే నాకేం కొత్తా? కొడతా."

"నువ్వు కొట్టేది కాదులే," అంది ఆయన భార్య లింగమ్మ. "ముందు పిల్లకి అన్నం పెట్టనియ్."

బోర్డు కోసం ఏమీ సిద్ధం కావద్దనీ, వచ్చినంతే చదవమనీ మరీ మరీ చెప్పాను. భార్యాభర్తలిద్దరూ తలూపారు.

ఆస్పత్రిలో మమ్మల్ని తలుపు దగ్గరే నిలబెట్టారు. డాక్టరు గారు మూడో తరగతి తెలుగు వాచకం తీసి, సంతకెళ్లిన కుందేలు పాఠం వనజ ముందు పెట్టారు. వనజ చదివింది. ఎక్కడా ఆగలేదు. పేజీ కూడా సరిగ్గా తిప్పింది. కానీ వేలు ఒక వరస మీద ఉంటే గొంతు ఇంకో వరస మీద ఉంది.

నేను లోపలికి వెళ్లాను. "సార్, ఒక్కసారి వేరే పుస్తకం ఇవ్వండి. ఇది కంఠతా వచ్చినట్టుంది."

"ఏమ్మా, చదివే పిల్లకి చదువు రాదని రాయమంటావా? బయట ఎంతమంది ఉన్నారో చూశావా?"

తర్వాతి పేరు పిలిచారు.

బస్టాండులో బాలకోటయ్య అందరికీ వేడి బజ్జీలు కొన్నాడు. "చూశావా టీచరమ్మా! మా పక్కింటి ఉష లేదూ, పోయినేడు వాళ్ల పిల్లోణ్ణి ఇక్కడికే తెచ్చింది. ఏ పాఠాలు అడిగారో చెప్పింది. అయ్యన్నీ ఫోన్‌లో చదివించి రికార్డు చేయించా. పిల్ల వారం రోజులు ఇంటానే ఉంది. అంతమంది డాక్టర్ల ముందు నా కూతురు పరువు నిలబెట్టింది."

అట్లా ఆగకుండా చదివినందుకే సర్టిఫికెట్ రాదని నేను చెప్పక తప్పలేదు. మొత్తం విన్నాక ఆయన పొట్లం మడిచి పక్కన పెట్టాడు.

"మరి ఆస్పత్రిలో పెట్టేది కూడా పరీక్షే గదమ్మా," అన్నాడు.

లింగమ్మ మొగుడి వైపు తిరిగింది. "టీచరమ్మ వద్దని చెప్పిందా లేదా? నీకు చెవులున్నయ్యా?"

"నువ్వుండవే."

వనజ నన్ను అడిగింది. "తప్పు చదివితే మార్కులు వచ్చేయా, టీచర్?"

అవునని చెప్పాను. ఆ పిల్లతో అబద్ధం ఆడలేకపోయాను.

మళ్లీ బోర్డు కూర్చునేసరికి పరీక్షలు అయిపోతాయన్నారు. కలెక్టరాఫీసుకు వెళ్లాను. బోర్డు కాగితంలో 'ధారాళంగా చదువుతుంది' అని ఉంటే మేమేం చేస్తామన్నారు. వనజ పరీక్షలకు ఒక్కతే వెళ్లింది. సోషల్ పేపరు రోజు బయటికి వచ్చాక నేను ప్రశ్నలు చదివితే అన్నిటికీ జవాబులు చెప్పింది. కాగితం మీద మాత్రం మొదటి ప్రశ్న దాటలేదు. తెలుగు తప్ప అన్నీ పోయాయి.

సప్లిమెంటరీకి మళ్లీ బోర్డుకు వెళ్దామని అడగడానికి పోతే, వనజ మిరపకాయల తొడిమలు తీసే పనికి బయలుదేరుతోంది. చున్నీ ముక్కుకు కట్టుకుంది.

"ఈసారి చదవకుండా కూర్చుంటే దొంగేషం అంటారు టీచర్. ముందు చదివిందని రాసుంది గదా," అంది.

"ఏమే, ఆటో పోతంది!" అని వీధిలోంచి ఎవరో కేకేశారు. వెళ్లిపోయింది.

బాలకోటయ్య ఇప్పుడు నాకు ఎదురుపడితే పక్క సందులోకి తిరుగుతాడు.

ఇది చదవగలిగిన మీకు నాదొకటే మనవి. వనజను గుర్తుపెట్టుకోండి. సోమరి అని కాదు, మొద్దు అని కాదు. నాన్న చెప్పిన మాట విని, వారం రోజులు చెవితో కష్టపడి, ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్లగా గుర్తుపెట్టుకోండి.