ముందుగా పెట్టిన జెల్

ఆ రోజు తొమ్మిదో కన్ను మా అక్కది. అప్పటికే నాకు కాళ్లు పీకుతున్నాయి, మాస్కు తాడు చెవుల వెనక కోసుకుపోతోంది. కంటి ఆపరేషన్ గదిలో ఇరవై రెండేళ్లుగా రోగుల కళ్లు సిద్ధం చేసేది నేనే. ముందు మొద్దుబార్చే చుక్కలు, తర్వాత గోధుమరంగు అయోడిన్, దానికి మూడు నిమిషాలు, ఆఖరున మత్తు జెల్. నిద్రలో లేపి అడిగినా ఈ వరస తప్పకుండా చెబుతాను.

అక్కకి మిగిలింది ఆ ఒక్క కన్నే. రెండోది చిన్నప్పుడే దెబ్బ తగిలి పోయింది. అలాగని గుండె నిబ్బరం ఉందనుకునేరు, సూది చూస్తే చాలు ఇల్లు పీకి పందిరేస్తుంది.

"ఆ మందు భగభగా మండుతుందటగా. పక్క మంచం ఆవిడ చెప్పింది. నువ్వుండి కూడా నన్ను ఏడిపిస్తావా?" అంది.

జాలేసింది, విసుగూ వచ్చింది. చుక్కలు వేసినా అయోడిన్ కాస్త మండుతుంది, ముందే జెల్ పెడితే ఆ మంట తెలీదు. గొడవ వదిలిపోతుందని చుక్కల తర్వాత జెల్ దట్టంగా పెట్టేసి, దానిమీద అయోడిన్ వేశాను. అక్క కిమ్మనలేదు. పైగా నా చేయి మంచిదని మెచ్చుకుంది.

డాక్టరుగారు బ్లేడు అందుకోబోతుంటే అప్పుడు తట్టింది నాకు చేసిన తప్పు. మధ్యలో జెల్ ఉంటే అయోడిన్ పైపైనే జారిపోతుంది, క్రిములు ఉన్నచోటే ఉంటాయి. అవి లోపలికి చేరితే ఉన్న ఒక్క కన్నూ చీము పట్టి పోతుంది.

"ఆగండి సార్. జెల్ ముందు పెట్టేశారు" అన్నాను.

"ఎవరు?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"నేనే సార్."

"కడుగు. మళ్లీ మొదట్నుంచీ" అన్నారాయన.

సెలైన్‌తో కడిగిందే కడిగాను. మళ్లీ చుక్కలు వేసి, అయోడిన్ వేశాను. "రాక్షసీ, మండుతోందే!" అని అక్క అరిచింది. మూడు నిమిషాలూ తల కదలకుండా పట్టుకుని గడియారం చూస్తూ నిలబడ్డాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. నాకే బెంగ వదల్లేదు. జెల్ ఎక్కడైనా కాస్త మిగిలిందేమోనని వారం పాటు రాత్రుళ్లు దొర్లడమే సరిపోయింది. రోజూ డ్యూటీకి ముందు అక్క ఇంటికెళ్లి టార్చి వేసి చూశాను, నొప్పుందా, చూపు మసకేసిందా అని పీక్కుతిన్నాను.

ఏడో రోజు అక్క నా చేతిలో టార్చి లాక్కుంది.

"నా కన్ను శుభ్రంగా ఉంది. ఎర్రబడింది నీ కళ్లే. ఎన్నాళ్లయిందే నువ్వు నిద్రపోయి?"

"అక్కా, ఆ రోజు నేను..."

"విన్నాలే. మొద్దుబారింది కన్ను, చెవులు కాదుగా."

"మరి ఇన్నాళ్లూ ఒక్క మాటన్నా అనలేదేం?"

"నువ్వు దాచుంటే అనేదాన్ని. మండనివ్వకని పీడించింది నేనేగా. కాసేపు పడుకో, నేను లేపుతా."

డ్యూటీ బట్టల్తోనే అక్క మంచం మీద వాలాను. లేచేసరికి మధ్యాహ్నం దాటింది. అక్క నన్ను లేపలేదు.