రెహోర్ కుబాత్ పెట్టిన సంతకం

మా ఊరికి చిన్న రైలు వేయాలంటే వియన్నా సర్కారు అనుమతి ఒక్కటే చాలదు. రైలు కమిషన్ వాళ్ళు దారి పొడుగునా నడిచి చూడాలి. ఎవరి నేల మీద వాళ్ళు నిలబడి అప్పటికప్పుడే అభ్యంతరం చెప్పుకోవాలి. కమిషన్ దాటిపోయాక గింజుకున్నా లాభం లేదు.

అంతకు రెండు వారాల ముందే పటాన్ని పంచాయతీ గదిలో వేలాడదీశారు. రైలు గీత నా పచ్చికబయలు మీదుగా పోతోంది. అలా పోయేట్టు చూసింది గ్రామపెద్ద రెహోర్ కుబాతే. పదకొండేళ్ళ కిందట, నాన్న మంచాన పడి ఉన్నప్పుడు, హద్దురాయి పీకి మా వైపు ఇరవై అడుగులు జరిపి పాతింది కూడా వాడే. ఆ ముక్కలో నాన్న తవ్విన బావి ఉంది. దాని పక్కనే వాడు ప్లమ్ పళ్ళ సారా బట్టీ కట్టుకున్నాడు. నాన్న కోర్టుకెక్కితే సాక్ష్యం చెప్పడానికి ఒక్కడూ రాలేదు. ఆ దిగులుతోనే పోయాడు. నేను మరిచిపోతే ఆయన కూతుర్నే కాదు.

పటం ముందు నిలబడి వేలితో కొలుచుకున్నాను. రాయి జరిగింది గానీ, పటానికి ఆధారమైన భూమి రిజిస్టరులో హద్దు జరగలేదు. పటంలో బట్టీ లేదు గనక కుబాత్ కనిపెట్టలేదు గానీ, రైలు గీత సరిగ్గా దాని నెత్తిన పడింది.

“ఏమ్మా అపొలేనా, అభ్యంతరం రాయవా? నోరు పడిపోయిందా?” అని కుబాత్ ఇకిలించాడు.

“నాకెందుకు పెద్దాయనా, మీరున్నారుగా!”

కమిషన్ వచ్చిన పొద్దున, కుబాత్ తన నేలకు పరిహారం కోసమే గీత ఇలా వేయించాడని జనం గొణిగారు. వాడికి రోషం వచ్చింది. “ఈ దారిలో నాది అడుగు నేల లేదు! రిజిస్టరులో ఉన్నదే హద్దు! రాసుకోండి!” అని గుండె చరుచుకుని కమిషన్ కాగితం మీద సంతకం గీకాడు.

కమిషన్ ఇంజనీరు వింటర్ మనుషులు గొలుసు లాగి కొలుస్తూ వచ్చారు. దారి గుర్తుకు కొట్టే మేకు బట్టీ గుమ్మంలో దిగింది.

“నేల ఎవరిది?” అని ఇంజనీరు అడిగాడు.

“నాదండీ! హద్దురాయి అదిగో!” అంటూ కుబాత్ ముందుకొచ్చాడు.

“అడుగు నేల లేదన్నారుగా పెద్దాయనా!” వెనక నుంచి ఎవరో అరిచారు. జనం గొల్లుమన్నారు.

ఇంజనీరు కాగితం తిప్పి చూపించాడు. “రాయితో నాకు పనిలేదు. రిజిస్టరే హద్దని మీరే రాయించారు. నేల ఈవిడది.” నా వైపు తిరిగాడు. “అభ్యంతరం చెబితే గీత కాస్త పైకి జరుపుతామమ్మా. బావీ బట్టీ రెండూ మిగులుతాయి.”

కుబాత్ టోపీ తీశాడు. “అపొలేనా, తల్లీ... మీ నాన్న తవ్విన బావి గదమ్మా అది. పూడ్చేస్తారు. ఆయన ఆత్మ క్షోభించదూ?”

ఆ బావి రాళ్ళు నాన్న ఒక్కొక్కటీ మోసుకొచ్చాడు.

“మా నాన్న ఊసెత్తావంటే పళ్ళు రాలగొడతాను!” అన్నాను. ఇంజనీరుతో, “అభ్యంతరం లేదయ్యా. బావి పూడ్చండి, బట్టీ పడగొట్టండి” అని చెప్పి సంతకం పెట్టాను.

తర్వాత వాడి కళ్ళముందే బావిలో చేద వేశాను. పదకొండేళ్ళుగా వాడు నన్ను తాకనివ్వని నీళ్ళు. కడుపారా తాగి, మిగిలినవి వాడి బట్టీ గుమ్మంలో పారబోశాను.