ఏడో అధ్యాయంలో పిల్ల

ఒక్కచోట కుదురుగా కూర్చోదని ఇంట్లో ఆమెను బొంగరం అంటారు. అలాంటి మనిషి ఏడాదిన్నరగా ఒక ప్రచురణ సంస్థలో కుర్చీకి అతుక్కుపోయి ప్రూఫులు దిద్దుతోందంటే, బట్టలు కుట్టే వాళ్లమ్మకి ఇప్పటికీ నమ్మకం కుదరదు.

ఆ ఉదయం ఎడిటరు టైపు చేసిన కాగితాల కట్ట ఒకటి తెచ్చి ఆమె బల్ల మీద పడేశాడు.

"కొత్త రచయిత్రి. ఓ ఆడపిల్ల ఎలా పెరిగి పెద్దదైందో, అంతే కథ. బస్సులో చదువుతూ నా స్టాపు దాటిపోయాను. తప్పులు మాత్రం బోలెడు. చూడమ్మా."

పైనున్న పేరు ఆమె ఎప్పుడూ విననిది. మూడో పేజీలోనే నవ్వొచ్చింది. కథలో పిల్ల చొక్కా గుండీ మింగేసి, తిడతారని చెప్పదు. సంగతి పసిగట్టిన తల్లి మూడు రోజులు అరటిపళ్లు తినిపించి, పుల్ల పట్టుకుని వెతుకుతుంది. 'నాలాంటి ఘటం ఇంకోటి ఉందన్నమాట' అనుకుంది బొంగరం.

ఇరవయ్యో పేజీలో ఆ పిల్ల కుట్టుమిషను కింద దూరి, పెడలు మీద తల పెట్టి నిద్రపోయింది. లేపడానికి మనసొప్పక తల్లి గౌనంతా చేత్తోనే కుట్టింది.

బొంగరం నవ్వు ఆగిపోయింది. పెడలు మీద అలా నిద్రపోయింది తనే. కొలతల పుస్తకంలో అంకెలు తప్ప అమ్మ ఇంకేమైనా రాయగా ఆమె ఎన్నడూ చూడలేదు.

ఏడో అధ్యాయానికి పిల్లకి పన్నెండేళ్లు. మరిచిపోయిన అన్నం డబ్బా పట్టుకుని తల్లి బడికి వస్తుంది. మెడలో టేపు, ఒంటినిండా దారప్పోగులు. "ఎవరే ఆవిడ?" అంటుంది స్నేహితురాలు. "మా బట్టలు కుట్టే ఆవిడ" అంటుంది పిల్ల. గేటు అవతల తల్లికి ఆ మాట వినబడుతుంది. డబ్బా వాచ్‌మన్ చేతికిచ్చి వెళ్లిపోతుంది.

ఆ మాటన్నదీ తనే. అమ్మ వినలేదనే ధీమాతో బొంగరం పన్నెండేళ్లు బతికింది. ఆ మాటన్న రోజు సాయంత్రం అమ్మ ఎప్పటిలాగే జడ వేసింది. ఎప్పటిలాగే "అన్నం మొత్తం తిన్నావా?" అంది.

గబగబా పేజీలు తిప్పింది. పదకొండో అధ్యాయంలో పందొమ్మిదేళ్ల పిల్ల తల్లి దగ్గర కూర్చుని, ఆనాటి మాటకి క్షమించమని అడుగుతుంది. అలాంటిదేదీ జరగలేదు. అంత నవలలో కల్పన అదొక్కటే.

సెలవడిగి ఇంటికి పరిగెత్తింది. అమ్మ నేలమీద గుడ్డ పరిచి కత్తిరిస్తోంది.

"మా ఆఫీసుకే ఎందుకు పంపావమ్మా?"

కత్తెర ఆగిపోయింది. "ఇంకెవరి అడ్రసు తెలుసే నాకు? వేరే పేరు పెట్టి, టైపు చేయించి పంపా. అక్కడ బోలెడంత మంది ఉంటారు, నీ చేతికి రాదనుకున్నా."

"దిద్దేదాన్ని నేనొక్కదాన్నే."

అమ్మ కత్తెర కింద పెట్టింది. "అయితే... ఏడోది?"

"చదివా. ఒక్కసారైనా అడగలేదేం?"

"అడిగితే ఇంకో అబద్ధం ఆడేదానివి. ఒకటి చాల్లే అనుకున్నా."

బొంగరం ఉన్నచోటే కూలబడింది. "ఫ్రెండ్స్ నవ్వుతారని భయపడి... కాదులే. నిన్ను చూసి సిగ్గుపడ్డానమ్మా. తప్పయిపోయింది."

అమ్మ గుడ్డ మీద సుద్దతో గీత గీసింది. వంకరపోయింది. చేత్తో దులిపేసింది.

"పదకొండో అధ్యాయంలో వయసు మార్చనా?" బొంగరం ముక్కు తుడుచుకుంటూ అడిగింది. "పందొమ్మిది తీసేసి ఇరవై నాలుగు పెట్టనా?"

"ముట్టుకున్నావంటే ఊరుకోను." అమ్మ నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. "నవల్లో పిల్ల నీకంటే తెలివైంది. దాన్నలా ఉండనీ."

మర్నాడు బొంగరం వయసు జోలికి పోలేదు. మిగతావన్నీ అయ్యాక, చివరికి ఏడో అధ్యాయంలో మూడు అచ్చుతప్పులు దిద్ది, దిద్దినట్టు కింద సంతకం పెట్టి, కట్టను ఎడిటరుకి ఇచ్చేసింది.