కుందేలుకు పడని ఊక

మిర్యాలగూడలో బియ్యం మిల్లులకు కొదవ లేదు, మిల్లు సేట్లకు అసలే లేదు. వాళ్ళలో బిక్షమయ్య సేటు ఒకడు. పేరులో భిక్ష ఉంది గానీ, ఆయన చేతిలోంచి పిడికెడు నూకలు రాలగా చూసిన పిట్ట కూడా ఆ ఊళ్ళో లేదు. అలాంటి మనిషి తొంభై రెండో సంవత్సరం ఎండాకాలం పోగానే ఒక కుందేలును తెచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. అది చూసి, మిల్లులో ఊక మోసే ద్వాళికి నవ్వాలో ఉమ్మాలో తెలియలేదు.

హైదరాబాదులో కుందేళ్ళ పెంపకం కేంద్రంలో పనిచేసే బావమరిది దాన్ని ఇచ్చాడట. బూడిద రంగు బొచ్చు, బొద్దుగా పిల్లి అంత ఉంది. చించిల్లా జాతి అని, రష్యా వాళ్ళు పెంచే రకమని సేటు వడ్ల బేరానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. అయిదేళ్ళుగా తన దగ్గర మూటలు మోస్తున్న హమాలీల పేర్లు ఆయనకు సగం తెలియవు. కుందేలు జాతి పేరు మాత్రం రెండో రోజుకే తప్పు లేకుండా నోటికి వచ్చింది.

ద్వాళిది త్రిపురారం దగ్గరి తండా. పద్నాలుగేళ్ళ కింద మొగుడు రాందాసుతో కలిసి మిల్లు పనికి వచ్చింది. రాందాసు హమాలీ, లారీలకు బస్తాలు ఎత్తుతాడు. ఆమెకు ఊక గది పని. మిల్లు ఆడుతున్నంతసేపూ గొట్టంలోంచి ఊక వచ్చి ఆ గదిలో కుప్ప పడుతూ ఉంటుంది. దాన్ని గంపలకెత్తి బాయిలరు దగ్గరికీ, ఇటుక బట్టీల లారీలకూ మోయాలి. తలకు గుడ్డ, మూతికి కొంగు, కనురెప్పల మీద దుమ్ము. సాయంత్రం బయటికి వస్తే సొంత మొగుడే పోల్చుకోవడానికి కాసేపు ఆగేవాడు.

ఆరేళ్ళ నుంచి ఆమెకు దగ్గు పట్టుకుంది. వాన పడితే కొంచెం తగ్గేది, మిల్లు ఆడితే తిరగబెట్టేది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. తనను ఊక గదిలోంచి తీసి, వడ్లు ఎండబోసే కళ్ళంలో వేయమని సేటును మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఆయన ఒకటే పాట పాడాడు. ఊక అంటే లక్ష్మి కట్టి విడిచిన చీర అన్నాడు. వాళ్ళ తాత ఊకలో పొర్లాడి తొంభై ఏళ్ళు బతికాడన్నాడు. చివరికి, "బీడీలు మానెయ్యే, దగ్గు అదే పోతది" అన్నాడు. ద్వాళి పుట్టి బుద్ధెరిగిన తర్వాత బీడీ ముట్టలేదు. ఆ మాట చెప్పినా ఆయన వినలేదు. ఎవరైనా ఏదైనా చెబుతున్నప్పుడు పెదాలు చప్పరిస్తూ లోపల తన మాటనే నమిలే రకం సేటు.

ఇక కుందేలుకు ఇల్లు కావాలి. సేటు సూర్యాపేట పోయి, అక్కడి బజారులో చిలకల పంజరాల్లోకెల్లా పెద్దది ఏరి పట్టుకొచ్చాడు. గుండ్రంగా, పైన గోపురంతో, గోపురం మీద ఇత్తడి బుగ్గతో పెళ్ళి పందిరిలా ఉంది. అడుగున మాత్రం సన్నని ఇనుప పుల్లలు, పుల్లకూ పుల్లకూ మధ్య వేలెడు సందు. చిలక అయితే కొమ్మ మీద కూర్చుంటుంది. కుందేలు ఎక్కడ కూర్చోవాలో ఆయనకు తట్టలేదు. మర్నాడు పొద్దున దాని వెనక కాలు ఆ సందులో ఇరుక్కుంది. అది గిలగిలా కొట్టుకుంటుంటే సేటు భార్య ఉప్పలమ్మ వసారాలో నిలబడి చేతులు ఊపుతోంది, సేటు చుట్టూ తిరుగుతున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి, ఇంకాసేపు ఆగితే అన్నంత పనీ అయ్యేది.

మేకలు కాసిన చేయి అని ద్వాళిని పిలిచారు. ఆమె కుందేలు కళ్ళు కొంగుతో మూసి, కాలు మెల్లగా వెనక్కి తిప్పి తీసింది. తోలు కొద్దిగా లేచింది, ఎముక బాగానే ఉంది. అడుగున చెక్క వేయాలని, సందులు చిటికెన వేలు కూడా పట్టనంత ఉండాలని, అది పారాడే చోటు ఉండాలని ఆమె చెప్పింది. సేటు నవ్వాడు. తండాలో మేకల దొడ్డి కట్టినట్టు కాదని, ఇది రష్యా జాతి అని చెప్పాడు. రష్యాలో కుందేళ్ళు గాలిలో నిలబడతాయేమోనని ద్వాళి మనసులో అనుకుని గంప ఎత్తుకుంది.

పైవారం జీపులో కోదాడ ప్రయాణం కట్టారు. అక్కడొక వడ్రంగి పెద్ద పెద్ద ఇళ్ళకు తలుపులు చేస్తాడని సేటుకు ఎవరో చెప్పారు. చీరకు బొచ్చు అంటుకుంటుందని ఉప్పలమ్మ రానంది. బుట్టలో కుందేలును పట్టుకుని కూర్చోవడానికి ద్వాళిని వెనక సీటు ఎక్కించారు. పద్నాలుగేళ్ళలో సేటు బండి ఎక్కడం ఆమెకు అదే మొదలు. అదీ కుందేలు పుణ్యమే. దారి పొడుగునా ఊక లేని గాలి మొహానికి కొడుతుంటే ఆమె ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆ సంగతి కోదాడ చేరాక గానీ ఆమెకే గుర్తు రాలేదు.

వడ్రంగి ముసలాయన. కుందేలును కాసేపు చూసి, ద్వాళి చెప్పిన మాటలే ఒక్కటీ పొల్లు పోకుండా చెప్పాడు. అడుగున చెక్క, చుట్టూ సన్న జాలీ, మూడు మూరల పొడుగు, మూలన అది దాక్కోవడానికి చిన్న పెట్టె. సేటు తలాడిస్తూ విన్నాడు. మిల్లు పేరు రాసి పచ్చ రంగు వేయమన్నప్పుడు మాత్రం ముసలాయన అడ్డు చెప్పాడు.

"రంగొద్దండీ. రాత్రీ పగలూ కొరుకుతానే ఉంటది. రంగంతా కడుపులోకి పోద్ది."

సేటు దానికీ ఒప్పుకున్నాడు. చెప్పే నోరు మారితే మాట విలువ ఎట్లా పెరుగుతుందో ద్వాళి ఆ పూట కళ్ళారా చూసింది. కింద పరవడానికి ఎండు గడ్డి వాడమని వడ్రంగి అన్నాడు. అప్పుడు మాత్రం సేటు పౌరుషం లేచింది. మిర్యాలగూడ మనిషికి పరుపు సంగతి కోదాడ వాడు చెప్పడమా? ఇటుక కాలాలంటే ఊక, ఐసు గడ్డ కరగకుండా ఉండాలంటే ఊక, గుడ్లు పగలకుండా లారీ ఎక్కాలంటే ఊక. జిల్లాకంతా ఊక పంచే ఊరి నుంచి వచ్చి గడ్డి ఏరుకోవాలా అని, బిల్లు అయ్యేదాకా ఊకదంపుడు ఉపన్యాసం దంచాడు. ముసలాయన బాడిసె పక్కన పెట్టి బీడీ ముట్టించుకున్నాడు.

కొత్త పంజరం వచ్చిన రోజు సేటు దాన్ని మిల్లు ఆఫీసు వసారాలో పెట్టించాడు. వచ్చిపోయే వాళ్ళు చూడాలి గదా. అప్పుడే రాలిన ఊకలోంచి మంచిది ఏరి నాలుగు వేళ్ళ మందం పరవమని ద్వాళికి చెప్పాడు. ఆమె గంప దించి నిలబడింది. ఒకసారి చెబుదామా వద్దా అని లోపల తన్నుకుంది. కుందేలు బుట్టలోంచి ఆమె వేలు వాసన చూస్తోంది. దాని ముక్కు అంత చిన్నగా, అంత తడిగా ఉంది.

"ఊక వద్దు సేటూ. ముక్కుల వడితే దగ్గొస్తది."

"నీ దగ్గు దానికి అంటియ్యకు. పరిచెయ్యి."

ఆమె పరిచింది. చెంపకు అరచేయి తగిలినట్టు అనిపించినా పరిచింది. కుందేలు మీద జాలి, సేటు మీద అసహ్యం, తన మీద తనకు కోపం, మూడూ కలిసి ఆ పూట ముద్ద దిగలేదు. రాందాసు మాత్రం తండా భాషలో బుజ్జగించాడు. కుందేలు పోతే ఇంకోటి వస్తుంది, పని పోతే రాదన్నాడు. అతను చెడ్డవాడు కాదు, భయస్తుడు.

మూడు రోజులు తిరిగేసరికి కుందేలు తుమ్మడం మొదలుపెట్టింది. కళ్ళు కారాయి, ముక్కు కింద బొచ్చు అట్ట కట్టింది. నాలుగో రోజు మేత ముట్టలేదు. అది తినకపోతే సేటు కూడా తినలేదు. ఉప్పలమ్మకు టైఫాయిడ్ వచ్చిన ఏడు కూడా ఆయన భోజనం మానిన దాఖలా లేదు.

పశువుల డాక్టరు స్కూటరు మీద వచ్చాడు. కుందేలు ఛాతీకి చెవి ఆనించి విన్నాడు, కింద పరిచిన ఊకను వేళ్ళతో నలిపి చూశాడు. ఊకలో కంటికి కనపడని నూగు ఉంటుందని, అది ముక్కులోంచి ఊపిరితిత్తుల్లోకి దిగుతుందని, దిగింది మళ్ళీ బయటికి రాదని చెప్పాడు. ఊకంతా ఎత్తి పారేసి ఎండు గడ్డి వేయాలి. పంజరం దుమ్ము తగలని చోటికి మార్చాలి. ఇంకో వారం ఇలాగే ఉంచితే దక్కదన్నాడు.

సేటు మొహం పాలిపోయింది. అయిదు నిమిషాల్లో నలుగురు మనుషులు పంజరాన్ని గాలికి ఎదురు దిక్కున, ఇంటి పెరట్లోకి మోశారు. తడి గోనె పట్టాలు కట్టారు. ఊక గొట్టం మూతిని అవతలికి తిప్పమని సేటు మిల్లు నడిపే డ్రైవరును కేకేశాడు. ద్వాళి ఊక ఎత్తుతుంటే దగ్గు తెర వచ్చింది. పంజరం పట్టుకుని వంగిపోయింది. సేటు ఆమెను వెనక్కి జరగమన్నాడు. బట్టలు దులుపుకోకుండా కుందేలు దగ్గరికి రావద్దన్నాడు.

ద్వాళి వెనక్కి జరగలేదు.

"కుందేలు ఎన్ని రోజులు పండుకుంది సేటూ ఊకల?"

"మూడు, నాలుగు రోజులు."

"నేను పద్నాలుగేండ్లు."

డాక్టరు సంచి సర్దుతున్న చేయి ఆపాడు. సేటు ఆయన వైపు చూసి, ద్వాళి వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు. "నువ్వు మనిషివి, అలవాటైతది. అది నోరు లేని జీవి."

"నోరున్నందుకు నేను మూడుసార్లు చెప్పిన. నోరు లేనిది ఒక్కసారి తుమ్మింది."

అవమానమనేది సేటుకు డాక్టరు ముందు మాత్రమే తగిలింది. అది కప్పిపుచ్చుకోవడానికి అప్పటికప్పుడు ఒక ధర్మం కనిపెట్టాడు. ద్వాళి రేపటి నుంచి కళ్ళంలో పనిచేయాలి, రోజూ కాలువ గట్టున గడ్డి కోసి, ఎండబెట్టి, కుందేలుకు పక్క వేయాలి. ఊక అంటిన బట్టలతో వస్తే దానికి మంచిది కాదు గదా అన్నాడు. ఆరేళ్ళుగా అడిగినా రాని వరం కుందేలు పేరున వచ్చింది. ద్వాళి కాదనలేదు. ఊపిరి ఎవరి పేరున వస్తేనేం, వస్తే చాలు అనుకుంది. అలా అనుకున్నందుకు లోపల సిగ్గుపడింది కూడా.

పదిహేను రోజుల్లో కుందేలు తేరుకుంది. ద్వాళికి దగ్గు పోలేదు గానీ పల్చబడింది. కళ్ళంలో వడ్లు ఎండకు తిరగేస్తూ ఆమె అప్పుడప్పుడూ గుండెల నిండా గాలి పీల్చి, లోపల పిల్లికూత తగ్గిందో లేదో వినేది. సేటు మాత్రం కొత్త ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఊక ఎంత ప్రమాదమో, ఊపిరితిత్తులు ఎట్లా పాడవుతాయో హాలియా నుంచి వచ్చిన రైతులకు కూడా విడమర్చి చెప్పాడు. కుందేళ్ళకు అని చివర ఒక మాట చేర్చేవాడు.

ఒక రోజు ఆమె గడ్డి మోపుతో పెరట్లోకి వచ్చేసరికి సేటు కుందేలుకు క్యారెట్ ముక్క తినిపిస్తున్నాడు. గోడ అవతల ఊక గదిలోంచి దగ్గు వినిపించింది. తెర మీద తెర, ఆగకుండా. ద్వాళి స్థానంలో వేసిన సుక్కమ్మది అది. సన్నటి మనిషి, వచ్చి నెల కూడా కాలేదు. పదిహేను రోజులుగా తన ఊపిరి తాను వింటూ మురిసిపోయిన ద్వాళికి, ఆ గదిలో ఇంకొకరు ఉంటారన్న సంగతి మోపు దించుతున్నప్పుడు గుండెలో గుచ్చుకుంది.

సేటు విసుగ్గా గోడ వైపు చూశాడు. "ఆ సుక్కమ్మను బీడీలు మానెయ్యమను. కుందేలు బెదురుతున్నది."

ద్వాళి మోపు విప్పలేదు. పంజరం తలుపు మీద చేయి వేసి నిలబడింది.

"సుక్కమ్మ బీడీ తాగదు సేటూ. నేను తాగలే. నీ కుందేలు గూడ తాగలే."

గడ్డి మోపును అక్కడే వదిలేసి, కొంగు మూతికి చుట్టుకుని, సుక్కమ్మను చేయి పట్టి బయటికి తీసుకురావడానికి ఆమె ఊక గది వైపు నడిచింది.